దుర్లభ్ కొట్టులో ఆఖరి బోణీ

బోణీ అయ్యేదాకా దుర్లభ్ గారి ఇంట్లో ఎవరూ ఎంగిలిపడకూడదు. నాకు ఈ సంగతి పెళ్లయి వచ్చిన మర్నాడు తెలిసింది. లంబాసాలో మా పుట్టింట్లో లేస్తూనే టీ, దాంతో మెంతికూర రొట్టెలు తిని పెరిగిన పిల్లని. ఫిజీ దీవుల్లోనే ఇంకో రేవు ఈ లెవూకాకి కాపురానికొచ్చిన మొదటి పొద్దున్న వంటింట్లో రొట్టె తుంపి నోట్లో పెట్టుకోబోతుంటే మా ఆయన బిపిన్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు జసూ, కింద ఇంకా బోణీ కాలేదు."

సరసమాడుతున్నాడనుకున్నాను. ఎక్కడి సరసం! ఆ పూట కడుపులో ఎలుకలు పరిగెడుతుంటే మేడమెట్ల మీద కూర్చుని, కింద కొట్టులోకి ఎవరొస్తారా అని చెవులు రిక్కించి విన్నాను. కొత్తకోడలి కన్నీళ్లు చూసి పుట్టింటి మీద బెంగ అనుకున్నారు అందరూ. బెంగ కాదు, ఆకలి.

ఈ కట్టుబాటు పెట్టింది మా మామగారి తాత, దుర్లభ్. గుజరాత్ నుంచి ఓడెక్కి, ఒక రేకుపెట్టెలో కాసిని గుడ్డతానులతో ఈ రేవులో దిగాడాయన. మొదటి రోజు పొద్దుటి నుంచీ సముద్రపు గోడ మీద కూర్చున్నా ఒక్కరూ బేరానికి రాలేదట. పొద్దుగూకే వేళకి ఒక ముసలి ఫిజీ ఆవిడ వచ్చి సూది కావాలంది. అమ్మడానికి ఆయన దగ్గర సూది లేదు. తన కాలరుకి గుచ్చి ఉంచుకున్న సొంత సూది తీసి ఇచ్చాడు. ఎంత అని అడిగితే నీ ఇష్టం అన్నాడు. ఆవిడ బుట్టలోంచి చేమదుంపలాంటి ఒక దాలో దుంప తీసి చేతిలో పెట్టింది. ఆ పూట ఆయన తిన్నది ఆ దుంపే. అప్పటి నుంచీ మా కొట్టులో మొదటి బేరానికి వచ్చినవాళ్లు ఏది అడిగితే అది ఇవ్వాలి, వాళ్లు చెప్పిందే ధర. కాదనడానికి లేదు, గీచి గీచి బేరమాడడానికి లేదు.

గొప్పలు చెబుతోంది అనుకుంటారేమో. చెబుతున్నాను మరి, ఎందుకు చెప్పకూడదు? దుర్లభ్ కొడుకు రణఛోడ్ కాలానికి ఈ ఇంటికి రెండు తెరచాప పడవలుండేవి. చుట్టుపక్కల దీవులకి గుడ్డలు వేసుకెళ్లి, ఎండుకొబ్బరి నింపుకుని వచ్చేవి. బీచ్ వీధిలో ఈ రెండంతస్తుల చెక్కమేడ కట్టించిందీ, గుమ్మం పైన 'వేసి' అనే ఇక్కడి గట్టి కలప చెక్క మీద 'దుర్లభ్ అండ్ సన్స్' అని బంగారు రంగు అక్షరాలు చెక్కించిందీ ఆయనే. మా మామగారు గిర్ధర్ లాల్ గద్దె ఎక్కేసరికి వ్యాపారమంతా రాజధాని సువాకి మళ్లింది. ఒక పడవ పగడపు దిబ్బకి కొట్టుకుని పోయింది, రెండోదాన్ని కొబ్బరి ధర పడిపోయిన ఏడు అమ్మేశారు. నాలుగో తరం మా ఆయన. ఉల్లిపాయ కూడా గడప దాటి రాని ఇంట్లో పుట్టి, చేపల డబ్బాల ఫ్యాక్టరీలో గుమాస్తాగిరీ చేసేవాడు. సాయంత్రం పెరట్లో నాలుగు చెంబులు పోసుకుని సబ్బు అరిగేలా రుద్దుకుంటే గానీ నేను లోపలికి రానిచ్చేదాన్ని కాదు.

నేను చెప్పే ఏడు నాటికి కొట్టులో మిగిలినవి ఇక్కడివాళ్లు నడుముకి చుట్టుకునే సులు గుడ్డలు, దారపు ఉండలు, ఉప్పు, అగ్గిపెట్టెలు. మేడ మమ్మల్ని తినేస్తోంది. ఒకచోట రేకు మారిస్తే ఇంకోచోట కారేది. అమ్మక తప్పదని మామయ్యకీ తెలుసు, పైకి అనేవాడు కాదంతే. మల్లెపువ్వులాంటి ధోవతి కట్టుకుని, రోజూ చర్చి గడియారం కొట్టగానే తలుపు తెరిచి గద్దె మీద కూర్చునేవాడు. మా ఊరి గడియారం ప్రతి గంటనీ రెండుసార్లు కొడుతుంది. మొదటిది నిద్ర లేపడానికి, రెండోది లెక్క పెట్టుకోవడానికి అని మామయ్య అనేవాడు. మా తలుపు రెండోసారికి తెరుచుకునేది.

గాలివానల కాలం మొదలవుతుండగా సువా నుంచి జమ్నాదాస్ దిగాడు. సువాలో పెద్ద పెద్ద కొట్లున్నాయి అతనికి. వాళ్ల నాన్న మగన్ ఒకప్పుడు మా కొట్టులోనే గుడ్డ కొలిచేవాడు, ఊడ్చేవాడు, రాత్రి బల్ల కింద పడుకునేవాడు. జమ్నాదాస్ సిల్కు చొక్కా వేసుకొచ్చి, మామయ్య కాళ్లకి దణ్ణం పెట్టి, ఎదురుగా కూర్చున్నాడు. నేను టీ తెచ్చి అక్కడే నిలబడ్డాను. వెళ్లమని ఎవరూ అనలేదు, అన్నా వెళ్లేదాన్ని కాదు.

"బాబాయ్, ఈ కొట్టు నాకిచ్చెయ్యి. గోడలు, గద్దె, పైన బోర్డు, అన్నీ కలిపి ఒకటే మాట" అని ఒక అంకె చెప్పాడు.

"గోడలు ఇస్తా. బోర్డు దేనికి నాయనా? దాని మీద నీ పేరు లేదుగా."

"ఆ పేరుకి ఇంకా విలువుంది బాబాయ్. ఇకమీదట టూరిస్టు ఓడలు వస్తాయి. పాతకాలం బోర్డు కింద చల్లటి బీరు దొరుకుతుందంటే ఎగబడతారు."

"బీరా?"

"బీరు, విస్కీ. ఏం, ఎవరు అమ్మట్లేదు?"

మామయ్య గొంతు పెంచలేదు. "గోడల మీద నీ పేరు రాసుకుని నీకు తోచింది అమ్ముకో. దుర్లభ్ పేరు మీద మాత్రం సీసా అమ్మడానికి వీల్లేదు."

"పేరు లేకపోతే ఈ పుచ్చిన చెక్కలు నాకెందుకు?"

"అయితే వద్దులే. టీ తాగు."

జమ్నాదాస్ గుమ్మం దాకా వెళ్లి తలెత్తి బోర్డుని చూశాడు. "మా నాన్న నిచ్చెనేసుకుని దీన్ని తుడిచేవాడు. కింద నిచ్చెన పట్టుకుని నిలబడేవాణ్ణి నేను. నిజం చెప్పనా బాబాయ్, బీరు కంటే ముందు నాకు ఇదే కావాలి." ఒక్క క్షణం నాకు జాలేసింది. అంతలో వెనక్కి తిరిగి, "అవునూ, మీ బోణీ కట్టుబాటు ఇంకా ఉందా?" అన్నాడు.

"నేనున్నంత కాలం ఉంటుంది" అన్నాడు మామయ్య, మీసం దువ్వినంత గర్వంగా.

"సరే, అయితే రేపు పొద్దున్నే వస్తా."

మొదటి బేరానికొచ్చి ఆ బోర్డే అడుగుతాడన్నమాట. మామయ్యకి కూడా అర్థమైంది గానీ, అన్న మాట అనేశాడు.

భోజనాల దగ్గర మా ఆయన నోరు విప్పాడు. మామూలుగా మా ఆయనకి నోట్లో నాలుక లేదు. "నాన్నా, ఆ కట్టుబాటు సూదికీ దారానికీ. మేడలకీ పేర్లకీ కాదు."

"మా తాత 'ఇది తప్ప' అని దేన్నీ పక్కన పెట్టలేదురా."

"పోనీ రేపు తలుపు తియ్యొద్దు."

"తుఫాను నాడు కూడా తీసిన తలుపు. మగన్ కొడుక్కి భయపడి మూసుకోమంటావా? నలుగురూ నవ్వరూ?"

ఇంటి పేరు పోతోందంటే నాకు ముద్ద దిగలేదు. నేనేమీ ఆ ఇంట్లో పుట్టలేదు. అయినా ఆ బోర్డు కింది నుంచి తలెత్తుకుని నడవడం నాకు అలవాటైపోయింది. గిన్నెలు కడగడానికి పెరటి కుళాయి దగ్గరికి వెళ్తే, ఫ్యాక్టరీ నుంచి ఇంటికి పోతూ లితియా నీళ్లు తాగుతోంది. తోకోవు పల్లె మనిషి. నాకు ఈ ఊళ్లో మొదటి స్నేహితురాలు. మొత్తం వెళ్లగక్కేశాను.

లితియా మూతి తుడుచుకుని, "ఓస్, అంతేనా? నీ ఏడుపు చూసి ఎవరో పోయారనుకున్నా" అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది.

తెల్లవారి మేడమీది కిటికీ తీద్దును గదా, కింద వరండా నిండా జనం! తెల్లబూట్లు వేసుకున్న ఫ్యాక్టరీ ఆడవాళ్లు చాపలు పరుచుకుని కూర్చున్నారు. రొట్టెల బట్టీ చైనా తాత ఒళ్లంతా పిండితో స్తంభానికి ఆనుకుని కునుకు తీస్తున్నాడు. అందరికంటే ముందు, తలుపుకి వీపు ఆనించి, లితియా. అందరికంటే వెనక, మెట్ల కింద తడిలో, సిల్కు చొక్కా జమ్నాదాస్.

"నాకు తొందర పనుంది, కాస్త జరగండమ్మా" అంటున్నాడతను.

"మాకు లేదా తొందర? ఫ్యాక్టరీ కూత కూసేలోపు పోవాలి మేము" అంది ఒకామె.

"మీకు కావాల్సిందేంటో చెప్పండి, నేనే కొనిస్తా!"

"ఓయమ్మో, సువా పెళ్లికొడుకు ఎదురు కట్నం ఇస్తున్నాడే!" అంది లితియా. వరండా అంతా ఘొల్లుమంది. "వెనక్కి పో బాబూ. సువాలో బస్సుకి వరస కట్టరా ఏంటి?"

గడియారం కొట్టింది. మళ్లీ కొట్టింది. మామయ్య తలుపు తీసి, అంతమందిని చూసి అలాగే నిలబడిపోయాడు.

"తాతా, ఒక అగ్గిపెట్టె" అంది లితియా.

"ఎంతిస్తావమ్మా?"

"నీ ధరే ఇస్తా. నేనేం బిచ్చగత్తెనా?"

"జసూ! బోణీ అయింది!" అని మామయ్య పెట్టిన కేక రేవు దాకా వినిపించి ఉంటుంది. నేను అప్పటికే రొట్టె నోట్లో పెట్టేసుకున్నాను.

అందరూ వెళ్లాక జమ్నాదాస్ వంతు వచ్చింది. "ఏం కావాలి నాయనా?" అని అడిగాడు మామయ్య.

"నాకేం కావాలో నీకు తెలుసుగా బాబాయ్."

"అది అమ్మకానికి లేదు. అగ్గిపెట్టెలు మంచివొచ్చాయి, తీసుకో."

జమ్నాదాస్ మొండివాడు. వీధి చివర గది అద్దెకి తీసుకుని దిగబడ్డాడు. ఏ తెల్లవారుజామున వచ్చినా అతనికంటే ముందే ఎవరో ఒకరు మా గడపని ఆనుకుని ఉండేవాళ్లు. తోకోవు వాళ్లు ఒకరోజు, కొండ మీది లోవోని వాళ్లు ఒకరోజు. మొదటివాళ్లంటే రెండోవాళ్లకి పడదు గనక పోటీ కూడా పెరిగింది. అందరిదీ ఒకటే బేరం, అగ్గిపెట్టె.

పాపం మా మామయ్య, వ్యాపారం పుంజుకుంది అనుకున్నాడు. "చూశావా కోడలా, పాత కొట్టు జనానికి మళ్లీ గుర్తొచ్చింది. మగన్ కొడుకు వచ్చిన వేళావిశేషం" అని సంబరపడిపోయాడు. సువాకి కబురు పెట్టి పెద్ద పెట్టెడు అగ్గిపెట్టెలు తెప్పించాడు. ధోవతికి గంజి ఎక్కువ పెట్టమనేవాడు. మా ఆయనా నేనూ మొహమొహాలు చూసుకుని, నవ్వాలో ఏడవాలో తెలియక వంటింట్లోకి పారిపోయేవాళ్లం. ఆయన్ని అంత హుషారుగా నేనెప్పుడూ చూడలేదు. నిజం చెప్పడానికి మాకు నోరు రాలేదు.

అప్పుడొచ్చింది తుఫాను. పగలంతా గాలి ఈలలేసి, సాయంత్రానికి రేకులు పీకడం మొదలుపెట్టింది. జమ్నాదాస్ ఉన్న గది పైకప్పు లేచిపోయింది. మామయ్య గొడుగు కూడా లేకుండా వీధిలోకి వెళ్లి, అతని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. మేడ మీద ఎక్కడ చూసినా కారుతోంది, పొడిగా ఉన్నది కొట్టులో బల్ల కిందే. వాళ్ల నాన్న పడుకున్న చోటే జమ్నాదాస్ పడుకున్నాడు. నేనిచ్చిన రగ్గు కప్పుకున్నాడు.

పొద్దున్నకి గాలి తగ్గింది. చర్చి గడియారం యథాప్రకారం రెండుసార్లు కొట్టింది, మామయ్య తలుపు తీశాడు. వీధిలో పురుగు లేదు. ఎవరి ఇళ్లు వాళ్లు వెతుక్కుంటున్నారు. కొట్టులో ఉన్నది జమ్నాదాస్ ఒక్కడే. మామయ్య వెళ్లి గద్దె మీద కూర్చుని, కండువా సర్దుకుని, అతని వైపు చూశాడు.

"అడుగు నాయనా. ఇవాళ మొదటివాడివి నువ్వే."

జమ్నాదాస్ రగ్గు మడత పెట్టాడు. మడత పెట్టిందే మళ్లీ విప్పి పెట్టాడు. చివరికి, "ఇంట్లో పడుకున్నవాడు గిరాకీ ఎలా అవుతాడు బాబాయ్?" అని మా ఆయనకేసి తిరిగి, "సుత్తి ఎక్కడుంది బిపిన్? పైన రేకులు చూద్దాం పద" అన్నాడు.

వాళ్లిద్దరూ పైకప్పు ఎక్కారు. మధ్యాహ్నమైనా బోణీ లేదు, మాకు తిండి లేదు. మామయ్య లేచి, మిగిలిన తానుల్లో గట్టివి చూసి నా నెత్తిన కొన్ని, తన భుజాన కొన్ని పెట్టాడు. "ఇళ్లు ఎగిరిపోయినవాళ్లు బేరానికి ఎలా వస్తారు? మనమే పోదాం" అన్నాడు. బురదలో నడుచుకుంటూ తోకోవు వెళ్లాం.

లితియా ఇంటికి ఒక గోడ లేదు. ఆవిడ సామానంతా బయట ఎండకి పరిచింది. చాపలు, గిన్నెలు, బైబిలు, వాటి పక్కన ఒక బిస్కెట్ డబ్బా. డబ్బా మూత తీసి ఉంది. దాన్నిండా మా కొట్టు అగ్గిపెట్టెలు, ఒక్కటి కూడా వాడలేదు. పక్కింటి ముందు పిల్లలు అగ్గిపెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి మేడ కడుతున్నారు. ఆ పక్కింటి అరుగు మీదా అవే.

మామయ్య చూశాడు. మామయ్య చూడడం నేను చూశాను. లితియా గబుక్కున డబ్బా మీద చాప లాగింది గానీ అప్పటికే ఆలస్యమైంది. ఆయన భుజం మీది తాను దించి, "గోడకి కట్టుకోమ్మా, గాలి రాకుండా ఉంటుంది" అన్నాడు.

"ఎంత తాతా?"

"నీ ఇష్టం."

లితియా చుట్టూ చూసి, పొయ్యి పక్కనున్న దాలో దుంపల్లో పెద్దది ఏరి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకున్నాడు.

తిరిగొస్తుంటే దారిపొడుగునా నేను భయపడుతూనే ఉన్నాను. అభిమానం గల మనిషి, జనం తనకి దానం చేశారని కుమిలిపోతాడేమోనని. సముద్రపు గోడ దగ్గర ఆయన ఆగాడు.

"కోడలా, మా తాత ఆకలితో ఇక్కడ కూర్చుంటే ఒక్క ముసలావిడ వచ్చింది. నాకోసం ఊరు ఊరంతా తెల్లవారుజామున తడిలో కూర్చుంది. ఇంత పెద్ద వ్యాపారం ఏ దుర్లభ్ చేశాడు చెప్పు?" ఆయన కళ్లు తడిగా ఉన్నాయి, గొంతు మాత్రం నవ్వుతోంది. "చాలమ్మా. ఇంక వాళ్లని కూర్చోబెట్టకూడదు."

ఇంటికొచ్చి, "బోణీ అయింది, తినండి" అన్నాడు. దుంపని మాత్రం వండొద్దని తన గదిలోకి పట్టుకెళ్లాడు.

మర్నాడు పొద్దున్నే నన్ను పిలిచి, తాళంచెవులు నా కొంగున కట్టాడు. "ఇవాళ గద్దె మీద నువ్వు కూర్చో. రెండో గంటకి తలుపు తియ్యి."

"నేనా?" ఆ గద్దె మీద ఆడది కూర్చోవడం నాలుగు తరాల్లో లేదు.

"నువ్వే. బోణీ ఎంత విలువైందో ఈ ఇంట్లో అందరికంటే నీకే బాగా తెలుసు, ఆకలికి ఏడ్చినదానివి." ఇన్నేళ్లూ బెంగ అనుకున్నారనుకున్నాను. ముసలాయన కనిపెట్టేశాడు! అంతలోనే ఆయన పెరటి తలుపు తీసుకుని ఎటో వెళ్లిపోయాడు.

గడియారం కొట్టింది. మళ్లీ కొట్టింది. గడియ తీశాను. వరండాలో ఎప్పటిలాగే జనం. అందరికంటే ముందు, గంజిపెట్టిన ధోవతిలో, చేతిలో దాలో దుంపతో మా మామయ్య! లితియా పక్కకి జరిగి ఆయనకి చోటిచ్చింది. జమ్నాదాస్ నోరు వెళ్లబెట్టి చూస్తున్నాడు.

నేను వెళ్లి గద్దె మీద కూర్చున్నాను. కొంగు సరిచేసుకున్నాను. "ఏం కావాలండీ?" అన్నాను.

"పైనున్న ఆ బోర్డు కావాలమ్మా."

"ఎంతిస్తారు?"

"ఈ దుంప."

కాదనడానికి నాకు హక్కు లేదు, గీచి బేరమాడడానికీ లేదు. రెండు చేతులూ చాచి దుంప అందుకున్నాను.

"బోణీ అయింది!" అని అరిచాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది.

తర్వాత జమ్నాదాస్ బల్ల దగ్గరికొచ్చాడు. నేను అతనికి నోరు తెరిచే అవకాశం ఇవ్వలేదు. "గోడలు, పైకప్పు, ఈ గద్దె ఉన్నాయి. బోర్డు అమ్ముడుపోయింది."

"చూశానమ్మా."

"కావాలా వద్దా?"

"కావాలి. మా నాన్న పడుకున్న చోటమ్మా ఇది." అప్పుడు మొదలుపెట్టాను బేరం. లంబాసా సంతలో మా అమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్నదంతా బయటికి తీశాను. అతను తల పట్టుకున్నాడు, రెండుసార్లు లేచి గుమ్మం దాకా వెళ్లాడు, రెండుసార్లూ తిరిగొచ్చాడు. మొదట తను బోర్డుతో కలిపి ఇస్తానన్నదానికంటే, బోర్డు లేకుండా ఎక్కువకి ఒప్పుకున్నాడు. ఫ్యాక్టరీ కూత కూసినా ఆడవాళ్లు కదల్లేదు. కాగితాల మీద సంతకాలు మామయ్యా మా ఆయనా తర్వాత పెట్టారు గానీ, మాట కుదిరింది నాతోనే.

బోర్డు దించాలి. మా ఆయన నిచ్చెన కోసం అటూ ఇటూ చూస్తుంటే, "నాకు తెలుసు అదెక్కడుందో" అని జమ్నాదాస్ మేడమెట్ల కింద చెయ్యి పెట్టి బయటికి లాగాడు. తనే ఎక్కాడు. కింద నిచ్చెన పట్టుకుంది మామయ్య. మేకులు ఊడదీయబోయే ముందు జమ్నాదాస్ సిల్కు చొక్కా చేతులతో ఒక్కో అక్షరాన్నీ తుడిచాడు, మొదటి నుంచి చివరిదాకా. ఎవరూ తొందరపెట్టలేదు.

ఆ దుంపని నేను ఉప్పేసి ఉడకబెట్టాను. మామయ్యకి, మా ఆయనకి, లితియాకి, జమ్నాదాస్ కి తలో ముక్కా వచ్చింది. మామయ్య బోర్డుని గోడకి ఆనించి, దాని పక్కన నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుని తిన్నాడు.

బోర్డు ఇప్పుడు మేం మారిన ఇంట్లో, వంటింటి గుమ్మం మీద ఉంది. ఎవరైనా వచ్చి ఏంటిదని అడిగితే నేనే చెబుతాను. దుర్లభ్ కొట్టుకి ఒకే ఒక్క పొద్దున్న నేను యజమానిని. బోర్డు ఇచ్చి దుంప పుచ్చుకున్నాను. నాలుగు తరాల్లో అంత లాభసాటి బేరం ఇంకొకటి లేదని మా మామయ్య పోయేదాకా అనేవాడు.